పదహారు పొరల చెప్పు

పోయిన నెల బరంపురంలో మా ఇంట్లో పుస్తకాల బీరువాకి కొత్త అరలు వేయించుకున్నాను. పాతవి చెదలు తినేశాయి. మేస్త్రి తెచ్చిన ప్లైవుడ్ చెక్కల్లో రెండు గాడిలోకి హాయిగా దూరాయి, మూడోది మొండికేసింది. అతను కొలిచాడు, తల గోక్కున్నాడు, మళ్ళీ కొలిచాడు. "అన్నీ ఒకే నంబరు చెక్కలేనమ్మా. దీనికి జిగురెక్కువ పట్టించినట్టున్నారు, మందం తేడా వచ్చీసింది" అన్నాడు. నేను పకపకా నవ్వేశాను. ఈ ముసలావిడకి ఏమయిందా అన్నట్టు చూసి, "నవ్వుతారేటమ్మా, జిగురుకి కూడా మందం ఉంటాది" అని నాకు బోధపరచబోయాడు. నాయనా, ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు, నేను దాన్ని అరికాలితో నేర్చుకున్నాను అన్నాను. అతనికి పని తొందర. వినే తీరిక లేదు. అతనికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఊహ తెలియక ముందు ఒక జ్వరం వచ్చిందట. అది తగ్గిపోయింది గాని నా ఎడమకాలు అప్పటినుంచీ కుడికాలితో సమంగా ఎదగలేదు. పదేళ్ళు దాటేసరికి తేడా అందరికీ కనిపించేంత అయింది. మా ఇంట్లో దాన్ని గురించి ఎవరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్న గుర్తు లేదు. నాన్నమ్మని మేం మామ్మ అనేవాళ్ళం. ఆవిడ వంటింట్లో వెనక్కి తిరిగి కూచున్నా నా అడుగుల చప్పుడు పోల్చుకుని, "భద్రా, ఆ ఉప్పు జాడీ ఇలా తే" అనేది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా. ఇల్లంతటికీ అది నా పేరు లాంటిదే.

అప్పటికి మా బరంపురం ఉన్న జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసింది. నాన్న ఛత్రపూర్‌లో సర్కారు గుమాస్తా. రోజూ పొద్దున్నే చద్దన్నం తిని పాసింజరు బండికి పరుగెత్తేవారు, దీపాల వేళకి తిరిగొచ్చేవారు. ఆఫీసులో కాగితాలు ఒక్కొక్కటీ ఒరియాలోకి మారుతున్నాయి. ఆయనకి మాట్లాడ్డం పుట్టినప్పటినుంచీ వచ్చు, రాయడం రాదు. నేను బళ్ళో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు సాయంత్రం అరుగు మీద ఆయనకి దిద్దించేదాన్ని. ఆయన బుద్ధిగా దిద్దేవారు. తప్పు రాస్తే నేను "ఊఁహుఁ" అనేదాన్ని, ఆయన గబుక్కున చెరిపేసేవారు. తండ్రికి చదువు చెప్పే అధికారం దొరికిన పిల్లకి ఇంట్లో ఎంత పొగరుంటుందో అంత పొగరూ నాకుండేది.

పెరట్లో ఒక ఆవు. మామ్మ పగలు దాని చుట్టూనే తిరిగేది. తెల్లవారుతూనే మజ్జిగ చిలికే చప్పుడు, వెన్న కాచిన వాసన, పేడా గడ్డీ కలిసిన వెచ్చటి వాసన, నూతి దగ్గర నానేసిన చింతపండు వాసన. వీటన్నిటి మధ్యా మామ్మ మడిబట్టతో, ఎవరూ తనని తాకకుండా చేతులు దగ్గరికి ముడుచుకుని, చకచకా తిరిగేది. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే నూతిగట్టు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసేది. వాళ్ళు తీసుకునేవారు. ఆ గట్టు మీదుగా ఎన్ని వస్తువులు చేతులు మారాయో లెక్కలేదు.

మా వీధి బడి అయిదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే ఊరికి అవతలి కొసనున్న ఆడపిల్లల పెద్దబడికి వెళ్ళాలి. మైలు పైనే నడక. సగం దూరం వెళ్ళేసరికి నా నడుము ఎడమవైపు కలుక్కుమనేది, ఎవరి అరుగు మీదో కూలబడిపోయేదాన్ని. నాన్న ఒక ఆదివారం నన్ను పెద్దబడి ప్రధానోపాధ్యాయిని దగ్గరికి బండిలో తీసుకెళ్ళారు. ఆవిడ ఒరియా ఆవిడ, అందరూ గురుమా అనేవారు. నన్ను వరండా ఈ చివరనుంచి ఆ చివరకి నడిపించి చూసింది. కటువుగా మాట్లాడలేదు. "బాబూ, పిల్ల తెలివైనదే. కాని వారంలో మూడు రోజులు మానేసే పిల్లని నేను చేర్చుకోలేను. బడి తెరిచేనాటికి తనంతట తాను నడిచి రానీ, చేర్చుకుంటాను" అంది. బడి తెరిచేది వానలు మొదలయ్యేటప్పుడు. మధ్యలో ఎండాకాలం ఉంది.

ఇంటికి వచ్చాక మామ్మ, "ఏటంటే, ఇంట్లో కూచుని చదువుకుంటే రాదేటి? నీకే చదువు చెబుతోంది కదా" అని నాన్నని దెప్పింది. అమ్మ పాతచీర మడతలు పెట్టి నా ఎడమ చెప్పులోకి కుట్టింది. అది నాలుగు రోజుల్లో అణిగిపోయింది. చెప్పులు కుట్టే ఆయన తోలు మీద తోలు పెట్టి ఎత్తు చేసిచ్చాడు. అది ఇటుక అంత బరువు. ఒక వడ్రంగి టేకుముక్క చెక్కి ఇచ్చాడు. అది సన్నటి చోట నిలువునా చీలిపోయింది. నేను మాత్రం ఇదంతా నా కోసం జరుగుతున్న ఉత్సవంలాగ అనుభవించాను.

అప్పుడు మా ఇంటికి బైరాగి వచ్చాడు. పెరటి తలుపు బాగుచెయ్యడానికి నాన్న పిలిపించారు. గోపాలపూర్ బెస్తల ఇంట పుట్టినవాడు. తమ్ముళ్ళు సముద్రంలోకి వెళితే తను ఓడెక్కి రంగూను వెళ్ళి, టీపెట్టెల చెక్కలు తయారుచేసే మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేశాడు. అక్కడ బాంబులు పడ్డప్పుడు అడవులంట కొండలంట నడిచి ఇల్లు చేరాడు. ఆ దారిలో ఎవరెవరిని పోగొట్టుకున్నాడో అతను చెప్పలేదు, మేం అడగలేదు. మోసుకొచ్చిన పనిముట్టు ఒక్కటే, జానెడు పొడవు ఇత్తడి రసమట్టం. గాజుగొట్టంలో నీటిబుడగ ఉంటుంది, అది మధ్యన నిలిస్తే సమంగా ఉన్నట్టు.

తలుపు పని అవుతుండగా నేను అతని ముందునుంచి నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను. కావాలనే నడిచాను. నన్ను ఎవరైనా ఏమైనా అడిగితే నాకు సరదా.

"పాపా, ఇలా రా. ఏటయింది కాలికి?" అన్నాడు.

"పొట్టిది" అన్నాను.

"పొట్టిదయితే పొడుగు సేద్దుం. దానికేటి" అన్నాడు, ఊడిన గడియ బిగిస్తానన్నంత తేలిగ్గా.

మర్నాడు బజారులో కొట్టువాడు పారేసిన టీపెట్టెల ముక్కలు తెచ్చి మా గోలెంలో వేడినీళ్ళు పోసి నానబెట్టాడు. సాయంత్రానికి ఒక్కొక్క చెక్కా మూడేసి పల్చటి పొరలుగా విడిపోయింది. పలక కన్నా పల్చన, తాటాకు కన్నా మందం. "దుంగని ఆవిరిలో ఉడకెట్టి తిప్పుతుంటే, తానులోంచి గుడ్డ ఇప్పినట్టు ఈ పొర వచ్చీది పాపా. ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం పెట్టి అతికిస్తే ఎటూ సీలదు, బరువుండదు" అన్నాడు. పొరలు ఎండాక నన్ను పెరట్లో నిలబెట్టి, అమ్మ చేత రసమట్టాన్ని నా నడుము మీద అడ్డంగా పట్టించి, నా ఎడమకాలి కింద ఒక్కొక్క పొరే దూర్చడం మొదలుపెట్టాడు. బుడగ మెల్లిగా జరిగింది. పదహారో పొరకి సరిగ్గా మధ్యకి వచ్చి ఆగింది. నా నడుములో ఏదో ముడి విప్పినట్టయింది. ఆ పొరల మీంచి దిగనని పేచీ పెట్టాను.

"పదారు" అన్నాడు బైరాగి. "ఇంక అతికించడమే. వజ్రం ఉడకెట్టాల, అమ్మగోరూ."

వజ్రం అంటే నా కళ్ళు మెరిశాయి. మా ఇంట్లో వజ్రాలున్నట్టు ఎవరూ చెప్పలేదు! వడ్రంగులు వజ్రం అనేది తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురుని అని మామ్మకి తెలుసు. ఆవిడ తులసికోట దగ్గర్నుంచే, "నా పెరట్లో అది పొయ్యెక్కిందంటే నేను కాశీకి పోతాను" అంది. అంతటితో ఆ మాట అయిపోయింది. తనే చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, కుండెడు అంబలి కాచి గట్టు మీద పెట్టింది. బైరాగి దాన్ని వేలితో సాగదీసి చూసి నసిగాడు గాని, కాదనలేదు. పదహారు పొరలకీ పట్టించి, దాని మీద రుబ్బురోలు ఎత్తిపెట్టాడు.

మూడు రోజులకి తీసి చూస్తే మొద్దులాంటి చెక్క వచ్చింది. పాదం ఆకారంలో కోసి, మంచానికి అల్లే నవారుతో పట్టీలు వేశాడు. నేను నిలబడ్డాను. అందరూ బుడగ కేసి చూశారు. అది మధ్య దాటి అవతలికి పోయింది. ఇప్పుడు నా కుడికాలు పొట్టి! నేను రెండో వైపుకి కుంటుతూ పెరడంతా తిరిగాను. అమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. బైరాగి మాత్రం నవ్వలేదు. చెక్క అంచుని గోటితో గీకి చూశాడు.

"పొరలు లెక్కెట్టాను గాని మద్దినున్న జిగురు లెక్కెట్టనేదు. పదారు పొరలకి పదైదు జిగురు వరసలు. ఈ అంబలి నీళ్ళు తాగి పొర ఉబ్బింది, పైన బరువు సాల్లేదు, జిగురు మద్దినే కూకుండిపోయింది."

"అయితే ఒక పొర తీసేస్తే సరి కదా" అన్నాను.

"ఇయాల తీసీవచ్చు. ఎండకి ఆరితే తగ్గుద్ది, సెమ్మకి ఉబ్బుద్ది. నీ కాలు రోజుకోలా ఉంటాదా?"

సెమ్మ అంటే ఏమిటో వారం తిరక్కుండానే తెలిసింది. ఒక మబ్బు పట్టిన సాయంత్రం ఆ చెప్పుతోనే వీధి చివరి కొట్టుకి వెళ్ళాను. తిరిగొస్తుంటే జల్లు పడింది. ముందు చెప్పు నాలిక బయటపెట్టింది, తరవాత రెండో నాలిక. ఇంటికి చేరేసరికి వీధి పొడుగునా నా అడుగుల వెంట చెక్కపొరలు రాలి ఉన్నాయి. ఎదురింటి మేక రెండు తినేసింది.

రెండోసారి బైరాగి మా ఇంట్లో ఏమీ చెయ్యలేదు. గోపాలపూర్‌లో తను అప్ప అని పిలిచే అక్క ఇంటి దగ్గర వజ్రం కాచి, పొరలు వెచ్చబెట్టి, నాలుగు మరలున్న బిగింపు చెక్కల మధ్య పెట్టి బలమంతా వేసి బిగించి తెచ్చాడు. ఎర్రగా, నున్నగా, చూడ్డానికి కొన్న వస్తువులా ఉంది. నిలబడితే బుడగ ఈసారి ఇవతలే ఆగిపోయింది. "ఎక్కువ బిగించీసాను. వేడి వజ్రం నీళ్ళలా కారిపోయింది, పొర కూడా నలిగింది" అని తనని తాను తిట్టుకున్నాడు. ఇంకో పొర వేస్తానన్నాడు. కాని ఆ మధ్యాహ్నం ఎండకి చెప్పులోంచి వాసన లేచింది. మామ్మ ముక్కు పైకెత్తింది.

"ఏటే ఆ కంపు?"

అమ్మ, "చెప్పులు ఎలాగూ గుమ్మం బయటే కదా అత్తయ్యా" అంది.

"చెప్పు బయటుంటుంది, దాంట్లో పెట్టిన కాలు బయటుంటుందా?" అంది మామ్మ. నాన్న ఛత్రపూర్ నుంచి వచ్చాక ఇద్దరి మాటలూ ఆఫీసులో అర్జీలు విన్నట్టు విని, ఎప్పటిలాగే రేపు చూద్దాం అన్నారు. బడి తెరవడానికి ఇంక పన్నెండు రోజులున్నాయి. ఆ రాత్రి మొదటిసారి నాకు నవ్వు రాలేదు. పెద్దబడిలో గాజుసీసాల్లో పాములున్నాయని ఎవరో చెప్పారు. అవి చూడకుండానే నా బతుకు అయిపోతుందనిపించింది.

మర్నాడు బైరాగి తన పనిముట్లు తీసుకుపోవడానికి వచ్చి, నూతిగట్టుకి అవతల నిలబడి తలగోక్కుంటూ అన్నాడు, "అమ్మగోరూ, ఇంకోటుంది. మిల్లులో పాలతో సేసీవారు జిగురు. నాను సూసాను గాని సొంతంగా సెయ్యనేదు."

మామ్మ గిరుక్కున తిరిగింది. "పాలతోనా?"

"ఎన్న తీసీసిన పాలండి. ఇరగ్గొట్టి, ఆ ఇరుగుని కడిగి, సున్నంతో కలపాల. నీళ్ళకి ఊడదు. కాని కలిపాక గంటలోగా పని అయిపోవాల. తరవాత రాయే."

ఆ రోజునుంచి మామ్మ వెనక్కి తిరిగి చూడలేదు. పాలు విరగ్గొట్టడంలో తనకి ఒకరు చెప్పేదేమిటి? పులిసిన మజ్జిగ ఎంత పొయ్యాలో, గుడ్డలో ఎంతసేపు వేలాడదియ్యాలో, పులుపు పోయేదాకా ఎన్ని నీళ్ళు కడగాలో ఆవిడే తేల్చింది. చిన్న చిన్న ముక్కలు అతికించి, నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, గోటితో పీకి చూసేది. నాలుగు రోజులు మా ఇంట్లో మజ్జిగ లేదు. ఎవరూ అడగలేదు. అయిదో రోజు గట్టు మీద ఒక ముక్క పెట్టి, "పీకు చూద్దాం" అంది. బైరాగి రెండు చేతులా పీకాడు. చెక్క చిరిగింది గాని అతుకు వదల్లేదు.

అసలు పని రోజున అమ్మ ఇంట్లో లేదు. కొడల అనే ఊళ్ళో పిన్నికి పురుడు వస్తే వెళ్ళింది. నాన్న బండెక్కేశారు. మామ్మ సున్నం కలిపింది. పాలవిరుగు చూస్తుండగానే నిగనిగలాడుతూ తేనెలా సాగింది. బైరాగి పొర పరిచి కుంచెతో రాయడం మొదలుపెట్టాడు. నేను ఒక్కొక్క పొరే అందిస్తున్నాను. కుంచె జిగురుని ఒకచోట ముద్దగా, ఒకచోట పల్చగా వదులుతోంది. మామ్మ గట్టు అవతలనుంచి చూసి చూసి ఉండబట్టలేక, "అదేం పూతయ్యా, జడ దువ్వినట్టు దువ్వరాదూ?" అంది.

బైరాగి చెయ్యి ఆగింది. "పాపా, నీ దువ్వెన తే" అన్నాడు.

నా చెక్కదువ్వెన పళ్ళతో లాగితే జిగురు సన్నటి గీతలుగా, అంతటా ఒక్క ఎత్తున నిలబడింది. "అమ్మగోరూ, మిల్లులో ఇలాంటి పళ్ళ సట్రమే ఉండీది. నాను మర్సిపోనాను!" అన్నాడు. కాని దువ్వడానికి రెండు చేతులూ కావాలి, కింద తడి పొరలు జారిపోకుండా పట్టుకోవడానికి ఇంకో రెండు కావాలి. నేను పట్టుకుంటే నా చేతులకి ఆ బలం చాలలేదు, దొంతర పక్కకి జారింది. గిన్నెలో జిగురు గట్టిపడుతోంది. బైరాగి చుట్టూ చూశాడు. పిలవడానికి ఎవరూ లేరు.

మామ్మ మడిబట్ట పైకి దోపింది. గట్టు చుట్టి వచ్చి అతనికి ఎదురుగా చతికిలబడి దొంతరని రెండు చేతులా పట్టుకుంది. బైరాగి వెనక్కి జరగబోయాడు.

"అమ్మగోరూ, తగుల్తాను..."

"తగిలితే నూతిలో నీళ్ళున్నాయి, పోసుకుంటాను. ఈ పాలు పోతే మళ్ళీ నాలుగు రోజులు పడుతుంది. దువ్వు నువ్వు" అంది.

అతను దువ్వాడు. ఆవిడ పట్టుకుంది. పొర మీద పొర వేస్తుంటే ఇద్దరి వేళ్ళూ ఒకే జిగురులో మునిగాయి. ఎనిమిదో పొర దగ్గర మామ్మ, "ఇది నిలువా అడ్డమా?" అంది. "అడ్డం అమ్మగోరూ." "నిలువు కావాలి, ఇందాకటిది అడ్డం వేశావు." అతను చూసుకుని నాలిక కరుచుకున్నాడు. బిగింపు చెక్కలు వేసి మరలు తిప్పేటప్పుడు అతను ప్రతి మరా కొంచెం కొంచెమే తిప్పుతూ, అంచుల్లోంచి జిగురు పూసలు పూసలుగా పైకి తేలగానే చెయ్యి తీసేశాడు. "సాలు. ఇంక తిప్పితే కారిపోద్ది." ఆ తరవాత మామ్మ అతని చేతుల మీద నీళ్ళు పోసింది, తను స్నానం చేసింది. సాయంత్రం నాన్న వస్తే పని అయిందని మాత్రం చెప్పింది. నేనూ నోరు విప్పలేదు.

రెండు రోజులకి విప్పి, కోసి, పట్టీలు వేసి నన్ను నిలబెట్టారు. రసమట్టం నాన్న పట్టుకున్నారు. బుడగ మధ్యలో నిలబడి కదల్లేదు. బైరాగి దాన్ని చూసి పంచె చెంగుతో ముఖం తుడుచుకుని, "ఎల్లు పాపా, బడికెల్లు" అన్నాడు. మొదటి రోజు అమ్మా నాన్నా ఇద్దరూ నా వెనకే వచ్చారు. గురుమా మళ్ళీ వరండా ఈ చివరనుంచి ఆ చివరకి నడిపించింది, చెప్పు తీయించి తిరగేసి చూసింది, పొరలు లెక్కపెట్టింది, రిజిస్టరు తెరిచింది.

బైరాగి ఏడాదికి ఒకటి చొప్పున నా ఎదుగుదల ఆగేదాకా ఆ చెప్పులు చేసిచ్చాడు. పదహారు పొరలు పద్ధెనిమిదయ్యాయి, అక్కడ ఆగాయి. ఇప్పుడు నేను వేసుకునేవి ఆస్పత్రిలో చేసిచ్చినవి. ఒక యంత్రం మీద నిలబెడితే రెండు కాళ్ళ తేడా అంకెల్లో వచ్చేసింది, వారంలో బూట్లు వచ్చాయి. దూదిలా తేలిక, చప్పుడు లేదు, సబ్బుతో కడుక్కోవచ్చు. పాతవాటికన్నా ఇవే నయమని ఒప్పుకుంటాను. చెక్క చెప్పు వేసవిలో కాలేది, చలికాలంలో మడమ కొరికేది. ఆస్పత్రిలో నా కాలు కొలిచిన అమ్మాయి తల ఎత్తకుండానే తరవాతి వాళ్ళని పిలిచింది. తప్పేమీ లేదు, వరసలో ముప్ఫైమంది ఉన్నారు. మా పెరట్లో వరస ఉండేది కాదు. ఒక్క కాలు కోసం ఒక ఎండాకాలమంతా పట్టింది, ఒక ఆవు పాలు పట్టాయి, ముగ్గురు నలుగురు పెద్దవాళ్ళు తమ పట్టుదలలు కొంచెం కొంచెం సడలించుకోవలసి వచ్చింది. అంత తీరిక ఇప్పుడు ఎవరికీ ఉండకపోవచ్చు, ఉండనక్కర్లేకపోవచ్చు కూడా.

బడిలో చేరిన మూడో వారంలో పెద్దవాన పట్టింది. పొద్దున్న మొదలై మధ్యాహ్నానికి వీధులన్నీ కాలవలయ్యాయి. బడి విడిచే వేళకి వాన వెలిసింది గాని, మేం ఆడపిల్లలం నలుగురం వరండాలోనే ఉండిపోయాం. నేలమీద సుద్దతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాం. నా వంతు వచ్చింది. కుడికాలు మడిచి, ఎడమ కాలి చెప్పు మీద గెంతుతూ నాలుగో గడిలో ఉన్నాను. తలెత్తేసరికి గేటు దగ్గర మామ్మ కనిపించింది. గుడికి తప్ప గడప దాటని మనిషి, మోకాళ్ళదాకా తడిసి, బురదతో, చంకలో నా పాత చెప్పులు గుడ్డలో చుట్టుకుని నిలబడి ఉంది. వానకి పొరలు విడిపోయి నేను దారిలో ఎక్కడో కూలబడి ఉంటానని ఇంట్లో నిలవలేక మైలు దూరం నడిచి వచ్చేసింది.

నన్ను ఒంటికాలి మీద చూసి ముందు కళ్ళు చిట్లించింది. తరవాత, "ఒసే, ఆ చెప్పు విరిగితే మళ్ళీ పాలెవరు విరగ్గొడతారే!" అని కేకవేసింది. పిల్లలంతా నవ్వారు. నేను దిగిపోబోయాను.

"దిగుతావేటి? మొదలెట్టిన ఆట. కానీ" అంది. నేను ఎనిమిది గళ్ళూ గెంతి, బిళ్ళ తీసుకుని, తిరిగి వచ్చేదాకా ఆవిడ అక్కడే నిలబడి చూసింది. బైటకి రాగానే చెప్పు తీయించి, అంచు చుట్టూ బొటనవేలితో తడిమింది. ఎక్కడా పొర లేవలేదు. తిరిగి తొడిగించింది.

ఇద్దరం ఇంటిదారి పట్టాం. ఆ రోజు నేను చదువుకున్నవన్నీ చెబుతున్నాను, గాజుసీసాలో పాముని చూశానని చెబుతున్నాను, నీళ్ళ గుంటలు దాటుకుంటూ నడుస్తున్నాను. పెద్దబజారు మలుపు తిరిగాక పక్కన ఎవరూ లేనట్టు అనిపించి వెనక్కి చూశాను. మామ్మ పది అడుగులు వెనకపడింది. ఒక చేత్తో తడిచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, రొప్పుతోంది.

"భద్రా, కాస్త నెమ్మదిగా నడవ్వే" అంది. "నాకు కాళ్ళు రావడం లేదు."

పుట్టి పదకొండేళ్ళయింది. నాతో ఆ మాట అన్న మొదటి మనిషి మామ్మే. నేను ఆగి, ఆవిడ వచ్చేదాకా నిలబడి, చెయ్యి అందించాను.